పట్టా లేని వందేళ్ళు

ప్రోగ్రామర్‌గా నేను తరచూ చేసే పని ఒకటుంది. ఫారంలో ఏదో ఒక గడిని "తప్పనిసరి" అని పెట్టేస్తాను. రెండు నిముషాల పని. ఆ గడి నింపలేనివాడి సంగతేంటి? నిజం చెప్పొద్దూ, మకీనా గురించి చదివేదాకా ఎప్పుడూ ఆలోచించలేదు.

మకీనా అంటే నైరోబీకి నైరుతి వైపున్న కిబెరాలో ఓ వార్డు. కిబెరా అనగానే అందరికీ మురికివాడ ఫోటోలే గుర్తొస్తాయి. కానీ ఆ పేరు "కిబ్రా" అనే నూబియన్ మాట నుంచి వచ్చింది. అంటే అడవి. బ్రిటిష్ వాళ్ళు సూడాన్ నుంచి తెచ్చుకున్న సిపాయిలు 1900ల మొదట్లో ఆ అడవిలో కాపురాలు పెట్టారు. 1918లో 4,197 ఎకరాలని సైనిక భూమిగా గెజెట్‌లో ప్రకటించారు. సిపాయిలకి ఉండటానికి అనుమతి చీటీలిచ్చారు గానీ హక్కు పత్రాలివ్వలేదు. మన ఊరి భాషలో చెప్పాలంటే, అనుభవం ఉంది, పట్టా లేదు.

అసలు చిక్కెక్కడంటే, దొరల లెక్కల్లో స్థానిక తెగలకి విడిగా ప్రాంతాలు కేటాయించారు. బయటినుంచి వచ్చిన నూబియన్లు ఆ జాబితాలో లేరు. 1963లో కెన్యాకి స్వతంత్రం వచ్చింది. దొరలు పోయారు, జాబితా మాత్రం పోలేదు! భూమి ప్రభుత్వానిదైంది, అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు ఆక్రమణదారులయ్యారు. 18 నిండిన నూబియన్ కుర్రాళ్ళు ఐడీ కార్డు కావాలంటే కమిటీ ముందు నిలబడి తాతల నాటి కాగితాలు చూపించాల్సి వచ్చేది. ఈ వివక్ష తప్పని ఆఫ్రికా బాలల హక్కుల కమిటీ 2011లో తేల్చింది.

2017లో ప్రభుత్వం నూబియన్లకి ఉమ్మడి పట్టా ఇచ్చింది. ఎంతకనుకున్నారు? 288 ఎకరాలకి. మొదటి భూమిలో ఏడు శాతం కూడా కాదు.

2019లో కెన్యా మన ఆధార్ లాంటి "హుదుమా నంబా" మొదలెట్టింది. పాత కాగితాలే లేనివాళ్ళకి కొత్త నంబరెలా వస్తుందని కోర్టుకెక్కినవాళ్ళలో నూబియన్ హక్కుల సంఘం ముందుంది. మన ఆధార్ తీర్పు కూడా అక్కడ చర్చకొచ్చింది. 2020 జనవరిలో హైకోర్టు, డీఎన్ఏ సేకరణ చెల్లదనీ, సరైన నిబంధనలు చేశాకే ముందుకెళ్ళాలనీ చెప్పింది.

వివక్షని కంప్యూటరేమీ కనిపెట్టలేదండీ. పాత రిజిస్టర్లో ఉన్న ఖాళీని కొత్త డేటాబేస్‌లోకి మోసుకొస్తుంది, అంతే. ఆ మోత కూలీలం మనమే. ఈసారి "తప్పనిసరి" అని టిక్కు పెట్టేముందు నేనైతే ఒక్క క్షణం ఆగుతాను. మరి మీరు?