వేసవి విజ్ఞాన శిబిరము - దాని వెనుకనున్న చరిత్ర

హైదరాబాదు నగరమునకు ఆగ్నేయమున, ఎల్.బి. నగర్ నుండి నాగార్జునసాగర్ పోవు రహదారి మీద తుర్కయంజాల్ కలదు. ఒకప్పుడు పొలములును, మాసబ్ చెరువును గల పల్లె; నేడు ఇండ్లతో నిండి నగరములో కలిసిపోయినది. ఇట్టి చోట్ల వేసవి సెలవు లిచ్చినంతనే బాలబాలికల దినచర్య రెండు దారులుగా చీలుట తరచు చూచుచుందుము. బాలుడు సైకిలు షాపులోనో, మెకానిక్ షెడ్డులోనో నిలబడి నాలుగు పనిముట్ల పేర్లు నేర్చుకొనును. బాలికకు వంటిల్లును, తమ్ముల చెల్లెండ్ర సంరక్షణయు దక్కును. స్క్రూడ్రైవరు, బ్యాటరీ, త్రాసు, టంకపు కడ్డీ ఆమె చేతికి వచ్చుట అరుదు. బాలికలకు ప్రత్యేకముగా విజ్ఞాన శిబిరములు నడుపవలెనను ఆలోచనకు మూలము ఈ లోటే.

"పది దినముల శిబిరము వలన ఒరుగున దేమి?" అని కొందరు అడుగవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము మన చరిత్రలోనే కలదు.

తుర్కయంజాల్ నుండి నగరమునకు వచ్చు దారి దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్ మీదుగా కోఠీ చేరును. ఆ ప్రాంతముననే, అఫ్జల్‌గంజ్, సుల్తాన్‌బజారుల ఆసుపత్రులలో, మొదటి అధ్యాయము నడిచినది. 1885లో హైదరాబాదు వైద్య పాఠశాలలో చేరిన ఐదుగురు స్త్రీలలో రూపాబాయి ఫర్దూన్‌జీ యను పార్సీ యువతి ఒకరు. స్త్రీలకు ప్రవేశ మిచ్చుటను పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ ప్రోత్సహించినారు.

శస్త్రచికిత్సకు ముందు రోగికి మత్తు కలిగించుటకు ఆ కాలమున క్లోరోఫారము వాడుచుండిరి. అప్పుడప్పుడు రోగి మేలుకొనకయే మరణించెడివాడు. శ్వాస ఆగుట వలననా, గుండె ఆగుట వలననా యని వైద్యలోకము వాదులాడుచుండెను. దీనిని తేల్చుటకు నిజాము ప్రభుత్వపు ధనసహాయముతో 1888, 1889 సంవత్సరములలో రెండు క్లోరోఫారము సంఘములు హైదరాబాదులోనే జంతువులపై వందల కొలది ప్రయోగములు చేసినవి. శ్వాస ఆగుటయే కారణమని అవి ప్రకటించినవి. కాని గుండె లయ తప్పుట వలనను మరణము కలుగగలదని 1911లో లెవీ యను శాస్త్రజ్ఞుడు చూపగా ఆ నిర్ణయము నిలువలేదు. ఒక ప్రయోగము చెప్పిన మాటను మరియొక ప్రయోగము సరిదిద్దుట విజ్ఞానమునకు సహజము.

ఈ పరిశోధనలు సాగుచున్న కాలముననే రూపాబాయి ఇచట విద్యార్థిని. 1889లో చదువు ముగించి, హైదరాబాదు ఆసుపత్రులలో మత్తుమందు ఇచ్చుటనే వృత్తిగా స్వీకరించినారు. ప్రపంచమున ఈ వృత్తి చేపట్టిన మొదటి స్త్రీగా ఆమెను పరిగణించుచున్నారు. 1909లో ఆమె ఎడింబరో నగరమునకు పోయి భౌతిక, రసాయన శాస్త్రములు చదివినారు. ఆవిరులు, వాయువులు, పీడనము - వీని జ్ఞానము లేక మత్తువైద్యము లేదు కదా!

రెండవ అధ్యాయము మదరాసులోని తెలుగు కుటుంబమునకు చెందినది. అయ్యలసోమయాజుల లలిత గారు 1919లో జన్మించినారు. పదునైదవ యేట వివాహమైనది. పదునెనిమిదవ యేట భర్త మరణించినారు. అప్పటికి ఒడిలో నాలుగు నెలల కుమార్తె. ఆ నాటి సంఘములో అట్టి స్త్రీకి మిగిలెడి బ్రతుకు ఎట్టిదో చెప్పనక్కరలేదు. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్ర ఆచార్యులు. లలిత గారు ఇంటరు ముగించిన పిదప, ప్రిన్సిపాలు కె.సి. చాకో గారి అంగీకారముతో, అంతవరకు పురుషులకే పరిమితమైన ఆ కళాశాలలో ఆమెకు ప్రవేశము దొరకినది. తరువాత తెరీసియా, లీలమ్మ జార్జి అను మరి యిద్దరు యువతులు సివిల్ శాఖలో చేరినారు. బీహారులోని జమాల్‌పూరు రైల్వే వర్కుషాపులో ఒక సంవత్సరము పని నేర్చుకొని, 1943లో లలిత గారు విద్యుత్ ఇంజనీరింగులో పట్టము పొందినారు. పట్టా పత్రముపై "అతడు" అను అర్థముగల మాట ముందే అచ్చై యుండగా, దానిని కొట్టివేసి "ఆమె" యని వ్రాయవలసి వచ్చినది!

పిదప ఆమె సిమ్లాలోని కేంద్ర ప్రమాణముల సంస్థలో పనిచేసినారు. కొంతకాలము తండ్రికి పరిశోధనలలో తోడ్పడినారు. పొగరాని పొయ్యి, విద్యుత్తుతో పలుకు సంగీతవాద్యము ఆ పరిశోధనలలోనివే. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అను కంపెనీలో చేరి, విద్యుత్ప్రసార మార్గముల రూపకల్పన చేసినారు. భాక్రా నంగల్ ప్రాజెక్టు పనిలోను ఆమె పాలు కలదు. 1964లో న్యూయార్కులో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల సమావేశమునకు హాజరైనారు. 1979లో మరణించినారు.

ఈ రెండు జీవితములను ప్రక్క ప్రక్కన పెట్టి చూచిన ఒక సంగతి స్పష్టమగును. తెలివికి గాని, పట్టుదలకు గాని కొరత లేదు. తలుపు తెరచువా రొకరు లోపల ఉండవలసి వచ్చినది. ఒకరికి పాఠశాల అధిపతి, మరియొకరికి కన్నతండ్రి. సుబ్బారావు గారి యిల్లే లలిత గారికి ప్రయోగశాల. అట్టి యిల్లు లేని బాలికల మాట యేమి? వారికి శిబిరమే ఆ యిల్లు కావలెను.

బాలికలు ప్రయోగశాలకు వచ్చుట వారి మేలు కొరకు మాత్రమే కాదు. వారు లేనిచో ప్రయోగమే కుంటుపడును. దీనికి నిదర్శనము వంటపొయ్యి. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన ఎస్.పి. రాజు గారు పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో దానిపై పుస్తకము ప్రకటించినారు. సూత్రము తేలికయే. వేడిగాలి తేలిక గనుక గొట్టము గుండా పైకి పోవును. పోవుచు పొగను వెంట తీసికొనిపోవును. దారిలో రెండవ, మూడవ గిన్నెలను కూడ వేడిచేయును. 1980 దశకమున ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద దేశమంతట ఇట్టి మెరుగైన పొయ్యిలు నిర్మించిరి. కాని పెక్కు ఇండ్లలో అవి మూలబడినవి. కన్నము ఇంటి గిన్నెలకు సరిపడకపోవుట, గొట్టములో మసి పేరుకొనుట, మరమ్మతు లేకపోవుట అందుకు కారణములు. ప్రతిదినము ఆ పొయ్యి ముందు కూర్చుండెడి స్త్రీకి ఈ చిక్కులు తెలియును. కొలబద్దయు, పెన్సిలును ఆమె చేతిలో ఉండినచో నమూనా దశలోనే ఇవి బయటపడి యుండెడివి.

శిబిరము నడుపదలచిన ఉపాధ్యాయులు ఈ పొయ్యితోనే ఆరంభింపవచ్చును. ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుండి 100 డిగ్రీలకు తెచ్చుటకు 70 కిలోకెలోరీల వేడి కావలెను. ఒక కిలో ఎండుకట్టెలు కాలిన సుమారు 3,500 కిలోకెలోరీలు వెలువడును. లెక్క ప్రకారము 50 లీటర్లు మరుగవలెను! మూడురాళ్ళ పొయ్యిపై ఐదారు లీటర్లు మరిగిన గొప్ప. మిగిలిన వేడి ఎచటికి పోయినది? బాలికలే కట్టెలు తూచి, ఉష్ణమాపకము పట్టి, పొయ్యి చుట్టు మట్టిగోడ కట్టి, మరల కొలిచి కనుగొనవలెను. జవాబును ముందుగా నల్లబల్లపై వ్రాసినచో శిబిరము తరగతిగదిగా మారిపోవును. సామాన్యముగా జట్టులో బాలుడు పరికరము పట్టుకొనగా బాలిక కాగితముపై అంకెలు వ్రాయుట జరుగును. బాలికలకు వేరుగా శిబిరము పెట్టుటలోని ప్రయోజనము ఇదియే.

నేడు ప్రభుత్వ సహాయము కూడ కలదు. 2008లో ఆరంభమైన ఇన్‌స్పైర్ పథకము క్రింద ఎన్నికైన విద్యార్థికి, తన ఆలోచనను నమూనాగా చేయుటకు, 10,000 రూపాయలు లభించును. 2019లో మొదలైన విజ్ఞాన జ్యోతి ఉన్నత పాఠశాల బాలికల కొరకే ఏర్పడినది. కాని పథకము పాఠశాల గుమ్మము వరకే వచ్చును. అచటి నుండి బాలిక చేతికి పరికరము అందించవలసినవారు ఉపాధ్యాయులే. ఆ పని లారీ, చాకో, సుబ్బారావు గారలు చేసినారు. వేసవి సెలవులలో పాఠశాల ప్రయోగశాల తాళము తీయుట అంతకంటె కష్టమైన పని కాదు.