సీసం పోసిన తాళాలు

టాలిన్‌లోని సెయింట్ నికొలస్ చర్చిని ఎస్టోనియా వాళ్ళు నిగులిస్తె అంటారు. గోట్లాండ్ దీవి నుంచి వచ్చిన జర్మన్ వర్తకులు 1230 ప్రాంతంలో కట్టుకున్నది. నికొలస్ సముద్రం మీద వెళ్ళేవాళ్ళను కాచే సెయింటు, ఓడ వ్యాపారులకు ఇలవేల్పు లాంటివాడు. 1520ల్లో లూథర్ మాటలు ఊరిదాకా వచ్చి, జనం చర్చిల్లో పడి బొమ్మలు పగలగొడుతుంటే, ఈ చర్చి పెద్ద తాళాల్లో కరిగించిన సీసం పోయించాడని చెబుతారు. ఊళ్ళో మిగతా చర్చిలు దెబ్బతిన్నాయి. ఇది మిగిలింది.

ఈ కథలో నాకు నచ్చేది, కాపాడింది ఏ మహిమో కాదు, సీసం. ఈ చర్చి చరిత్రంతా దాదాపు అంతే.

అలా దక్కినవాటిలో పెద్దది ల్యూబెక్‌లో హెర్మన్ రోడె 1481లో పూర్తిచేసిన ఆల్టర్. దానికి తలుపుల్లాంటి రెండు జతల చిత్రఫలకాలు. మామూలు రోజుల్లో మూసి, పెద్ద పండగలకే పూర్తిగా తెరిచేవారు, మన గుళ్ళలో ముక్కోటికి ఉత్తరద్వారం తీసినట్టు.

మధ్యలో ఒక విడ్డూరం. 1700 నార్వా యుద్ధంలో రష్యా సైన్యాన్ని నడిపి స్వీడన్‌కు చిక్కిన డ్యూక్ ద క్రోయ్ ఈ ఊళ్ళోనే బందీగా ఉండి, బోలెడు అప్పులు చేసి 1702లో పోయాడు. బాకీ తీరందే పూడ్చనివ్వమన్నారు అప్పులవాళ్ళు. శవం చర్చిలోనే ఎండిపోయి ఉండిపోయింది. తర్వాత్తర్వాత డబ్బులిచ్చి మరీ చూసేవారు జనం. 1897లో గానీ మట్టికి చేరలేదు. ఈ చర్చి మ్యూజియం కావడం అక్కడే మొదలైందేమో అని నా అనుమానం.

1944 మార్చి 9 రాత్రి సోవియట్ విమానాల బాంబులకు శిఖరం, లోపలి చెక్కపని కాలిపోయాయి. విలువైన చిత్రాలను ముందే తరలించారు కాబట్టి దక్కాయి. ఆ సోవియట్ పాలనలోనే 1953లో మరమ్మతు మొదలైంది, 1982లో శిఖరం మళ్ళీ అంటుకుంది, 1984లో తలుపులు తెరిచారు. చర్చిగా కాదు, మ్యూజియంగా, కచేరీ హాలుగా. దేవుడు లేడన్న ప్రభుత్వం ప్రార్థనల కోసమైతే అంత ఖర్చు పెట్టేదా? నాకు నమ్మకం లేదు.

ప్రార్థన లేని చర్చి ప్రాణం లేని ఒళ్ళు కదా అనేవాళ్ళున్నారు. రోడె ఆల్టర్ విషయంలో ఒప్పుకుంటాను. అది పండగ కోసం ఎదురుచూసే వస్తువు, పండగ లేకపోతే సగమే. బెర్న్ట్ నోట్కె గీసిన మృత్యునృత్యం అలా కాదు. అది ఎవర్నీ మోకరిల్లమనదు. పదిహేనో శతాబ్దం చివర్లో గీసిన ఆ పటంలో తెల్ల గుడ్డలు కప్పుకున్న ఎముకల గూళ్ళు పోప్‌నీ, చక్రవర్తినీ, మహారాణినీ, కార్డినల్‌నీ, రాజునీ ఆటకి పిలుస్తుంటాయి. ఒక మృత్యువు తిత్తి ఊదుతుంటుంది. కింద పాతకాలపు ఉత్తర జర్మన్ మాటల్లో వాళ్ళ సంవాదం. టికెట్ కొనుక్కుని వచ్చినవాడికైనా ఆ పిలుపు వర్తిస్తుంది.

మిగిలింది ఏడున్నర మీటర్లే, పదమూడు బొమ్మలు. నోట్కె 1463లో ల్యూబెక్‌లో వేసిన ఇలాంటి పటంలో వరస రైతుదాకా, ఉయ్యాల్లో పసిబిడ్డదాకా సాగేది. అది పాడైపోతే 1701లో నకలు వేయించారు, ఆ నకలు 1942లో బ్రిటిష్ బాంబులకు కాలిపోయింది. చావు ముందు అందరూ సమానమని చెప్పడానికి గీసిన బొమ్మలో టాలిన్‌లో దక్కింది పై హోదాల వాళ్ళే. రాజు దగ్గరికి వచ్చేసరికి కాన్వాసు అయిపోతుంది.