ద్రాక్షపందిళ్ల సీమలో చూడదగిన చారిత్రక స్థలాలు



మన సభ్యుల పిల్లలు కొందరు జర్మనీలో ఉద్యోగాలు చేస్తున్నారు. వారి దగ్గరకు వెళ్లి వచ్చినవారు అక్కడి ద్రాక్షతోటల గురించి, తోటల మధ్య ఉన్న కోటల గురించి ముచ్చటగా చెబుతుంటారు. 1935లో జర్మన్లు ద్రాక్షతోటల మధ్యగా సుమారు 85 కిలోమీటర్ల దారిని ఏర్పరచి, దానికి ‘వైన్ దారి’ అని పేరు పెట్టారు. ఆ దారి పక్కనే హాంబాఖ్ కోట ఉన్నది. 1832లో వేలాది జనం స్వేచ్ఛను, ఐక్యతను కోరుతూ ఆ కోటకు ఊరేగింపుగా వెళ్లారు. పండు తినడానికి వచ్చినవాడు చరిత్ర కూడా తెలుసుకొని పోయేటట్లు చేశారన్నమాట.

మన ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల అటువంటి దారి లేదా? ఉన్నది. కాకపోతే దానికి ఎవరూ పేరు పెట్టలేదు.

రంగారెడ్డి జిల్లా ఒకప్పుడు ద్రాక్షకు పెట్టింది పేరు. 19వ శతాబ్దం చివర అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన హైదరాబాదుకు తెచ్చిన అనాబ్-ఎ-షాహి రకం ఈ నేలకు బాగా ఒదిగింది. ఆ పేరుకు రాజుగారి ద్రాక్ష అని అర్థం. జర్మనీ ద్రాక్ష ఎక్కువగా వైన్‌కు పోతుంది, మనది తినే పండు. రాతి కడీలు నాటి, తీగలు పరచి, పందిరి మీద పెంచేవారు. ఎండాకాలంలో ఒకసారి, దసరా, దీపావళి రోజుల్లో మరొకసారి కొమ్మ కత్తిరించేవారు. మాఘ, ఫాల్గుణ మాసాలకు గుత్తులు కోతకు వచ్చేవి.

నేను రెవెన్యూ శాఖలో పనిచేసినవాడిని. పహాణీలో పంట కాలమ్ కింద ‘ద్రాక్ష’ అని రాసిన సర్వే నంబర్లు ఎన్నో చూశాను. తరువాత బోర్లు ఎండిపోయాయి, తెగుళ్లు పెరిగాయి, భూమి ధర పంట ధరను మించిపోయింది. 1990ల తరువాత తోటలు ఒక్కొక్కటిగా ప్లాట్లయ్యాయి. ఇప్పటికీ కొన్ని వెంచర్ల ప్రహరీ పక్కన ఆ రాతి కడీలు ఒంటరిగా నిలబడి కనిపిస్తాయి. అవీ చరిత్రే.

ఇక చూడవలసిన స్థలాలు. మొదటిది మన పెద్దచెరువు. గోల్కొండను 1550 నుండి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటిది. ఆయన రాజు కాకముందు సుమారు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపాడు. తెలుగు మీద ఆయనకు అభిమానం మెండు. తెలుగు కవులు ఆయనను ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ ఆయనకే అంకితమిచ్చాడు. తనకు ఆశ్రయమిచ్చిన రామరాయల మీదికి 1565లో ఇతర సుల్తానులతో కలిసి యుద్ధానికి వెళ్లినవాడూ ఆయనే. రాజకీయాలు అప్పుడూ అంతే! చెరువు కట్ట మీద నిలబడి ఈ రెండు సంగతులూ పిల్లలకు చెప్పండి.

ఈ చెరువుకు నీళ్లు తేవడానికి నిజాం కాలంలో షాబాద్ వైపు నుంచి ఫిరంగి కాలువ తవ్వారు. శంషాబాద్, మహేశ్వరం ప్రాంతాల మీదుగా దారిలోని చెరువులను నింపుతూ వచ్చేటట్లు దాని ఏర్పాటు. ఆ కాలువ చాలాచోట్ల పూడిపోయి, ఆక్రమణల పాలయింది. కాలువ పోతే చెరువు పోతుంది, చెరువు పోతే బావి పోతుంది, బావి పోతే తోట పోతుంది. ద్రాక్ష మన జిల్లా విడిచిపోవడానికి మూలం కొంత ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

రెండవది మహేశ్వరం. ఇక్కడి శివగంగ రాజరాజేశ్వర ఆలయాన్ని తానీషా కొలువులోని అక్కన్న మాదన్నల కాలానిదిగా చెబుతారు. కోనేరు, దాని చుట్టూ ఉన్న చిన్న గుడులు చూసి తీరవలసినవి.

మూడవది హయత్‌నగర్. మహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి అయిన హయాత్ బక్షీ బేగం పేర వెలసిన ఊరు. ఆమె మసీదు, దాని దగ్గరి పెద్ద బావి నేటికీ ఉన్నాయి. బాటసారులకు సరాయి, తాగడానికి నీళ్లు ఏర్పాటు చేయడం ఆనాటి పాలకుల మర్యాద.

నాలుగవది మంచాల మండలంలోని ఆరుట్ల బుగ్గ. రామలింగేశ్వరస్వామి సన్నిధిలో కార్తీక పౌర్ణమికి మొదలయ్యే జాతర పక్షం రోజులు సాగుతుంది. మెట్ల బాధ ఎక్కువ లేదు కనుక మోకాళ్ల నొప్పులవారు కూడా నిశ్చింతగా వెళ్లవచ్చు.

ఐదవది, అన్నిటికన్నా పెద్దది రాచకొండ. కాకతీయ సామ్రాజ్యం 1323లో పతనమైన తరువాత రేచర్ల పద్మనాయకులు దీనిని రాజధాని చేసుకున్నారు. ఆ వంశపు సింగభూపాలుడు సంస్కృతంలో ‘రసార్ణవసుధాకరము’ అనే అలంకార గ్రంథం రాసి సర్వజ్ఞుడనిపించుకున్నాడు. బండరాళ్ల మీద బండరాయి పేర్చిన గోడలు, ద్వారాలు, శిథిలమైన గుళ్లు ఇంకా ఉన్నాయి. గుప్తనిధుల ఆశతో తవ్వినవాళ్లు చేసిన నష్టం అంతా ఇంతా కాదు. 2016లో పోలీసు కమిషనరేటుకు ఈ కొండ పేరు పెట్టారు. పేరు విన్నవారు లక్షలమంది, కొండ చూసినవారు ఎందరు? శీతాకాలంలో, ఉదయం పూట, నీళ్లు వెంట తీసుకొని వెళ్లాలి. పైకి ఎక్కలేనివారు కింది ద్వారాల వరకు చూసినా చాలు.

తిరుగు ప్రయాణంలో ద్రాక్ష కొనాలనుకుంటే బాటసింగారం పండ్ల మార్కెట్ ఉంది. గడ్డిఅన్నారం మార్కెట్‌ను 2021లో అక్కడికి తరలించారు. ఇప్పుడు పందిరి కింద పండు చూపించాలంటే మాత్రం రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధనా స్థానానికి వెళ్లవలసిందే.

మన మనుమలకు గోల్కొండ, చార్మినార్ తెలుసు. సొంత ఊరి చెరువు ఎవరు కట్టించారో తెలియదు. తప్పు పిల్లలది కాదు, వారికి చెప్పేవారు కరువయ్యారు. మనకు సమయం ఉన్నది, బస్సు ఉన్నది, జ్ఞాపకం ఇంకా ఉన్నది. ఈ మూడింటిలో చివరిది ఎన్నాళ్లుంటుందో చెప్పలేము. అందుచేత ఏటా ఒక్క స్థలానికైనా కుటుంబాలతో సహా యాత్ర ఏర్పాటు చేయవలసిందిగా సంఘం కార్యవర్గానికి నా మనవి. తోటల కాలం నాటి ఫోటోలు, జ్ఞాపకాలు ఉన్న సభ్యులు వాటిని రాసి పంపితే రాబోయే సంచికలో వేసుకోవచ్చు. మనం రాయకపోతే ఆ రాతి కడీలు ఎందుకు నాటారో చెప్పేవారు కూడా మిగలరు.