నైజాము తపాలాబిళ్ళలు

తపాలాబిళ్ళలను పోగుచేయుట బాలుర కాలక్షేపమని మనలో పెక్కుర యభిప్రాయము. ఇది సగమే నిజము. లోకమందలి దేశములన్నిటి బిళ్ళలను రంగులు చూచి పోగుచేయువానికి అది కాలక్షేపమే కావచ్చును. కాని యొక్క దేశము నేర్పరచుకొని, ఆ దేశపు బిళ్ళలను మొదటినుండి తుదివఱకు వరుసగా గూర్చి చదువువాడు చరిత్రకారుని పనియే చేయుచున్నాడు. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములవారమైన మనము అట్టి దేశమును దూరమున వెదకనక్కఱలేదు. అది మన పొలిమేర కావలనే యుండెను. అది నైజాము రాజ్యము.

వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి పేర నిలిపిన జగ్గయ్యపేటనుండి పడమటికి సాగినచో కొన్ని క్రోసులలో కోదాడ వచ్చును. భాష యొకటే, పంట యొకటే, బంధుత్వము లొకటే. అయినను మధ్యనొక హద్దు గలదు. ఆవలిదానిని మన పెద్దలు ‘నైజాము ఇలాకా’ యనిరి. అక్కడి నాణెము హాలీ సిక్కా, ఇక్కడిది కలదారు. 100 కలదారు రూపాయలకు ఇంచుమించు 116 హాలీ రూపాయలు. అంతేకాదు, నందిగామనుండి బెజవాడకు బోవుదారిలో పరిటాల మొదలైన కొన్ని గ్రామములు నలువైపుల కృష్ణాజిల్లా యుండగా నడుమ నైజామువియై నిలిచియుండెను. ఒక్క రోజు బండి ప్రయాణములో మనవారు రెండు ప్రభుత్వముల నేలలను పలుమాఱు త్రొక్కెడివారు.

ఈ హద్దును మనకు నేడు కన్నులకు గట్టునట్లు చూపునది తపాలాబిళ్ళ. ఆంగ్లేయులు హిందూదేశమంతటికిని చెల్లు బిళ్ళలను 1854లో ప్రవేశపెట్టిరి. పాటియాలా, గ్వాలియరు మొదలైన 6 సంస్థానములు వారితో నొడంబడిక చేసికొని, ఆ బిళ్ళలమీదనే తమ పేర్లను ముద్రింపించుకొనెను. హైదరాబాదు అట్లు చేయలేదు. మొదటి సాలార్‌జంగు దివానుగా నుండగా 1869లో తన సొంత బిళ్ళను వెలువరించెను. అది యొక అణా బిళ్ళ. నాటి నైజాము మహబూబ్ అలీఖాను మూడేండ్ల పసివాడు. మఱుసటి యేడు అర్ధణా, రెండణాల బిళ్ళలు వచ్చెను. ఆ పలకపై 240 బిళ్ళలను శిల్పి యొక్కొక్కటిగా చేతితో చెక్కుటచే ఏ రెండును సరిగా నొకటిగా నుండవు. వానిని భూతద్దముతో పరిశీలించువారికి ఆ పనివాని చేయి వణికిన చోటు గూడ కానవచ్చును.

అయితే ఆ బిళ్ళ ఆ రాజ్యములోనే చెల్లును. కోదాడలో నతికించిన బిళ్ళ యుత్తరమును దూరముననున్న ఔరంగాబాదునకు జేర్చగలదు. ప్రక్కనున్న జగ్గయ్యపేటకు జేర్పలేదు. ఈవలి తపాలాలో దానికి విలువ లేదు. కోదాడ కోడలు జగ్గయ్యపేటలోని తల్లికి క్షేమము వ్రాయవలెనన్న ఆంగ్లేయ ప్రభుత్వపు బిళ్ళ కావలసెను. దూరము క్రోసులలో గాక ప్రభుత్వములలో కొలువబడిన కాలమది.

ఇక నా బిళ్ళలమీది వ్రాతను చూతము. 1871 మొదలు చిరకాలము నడచిన బిళ్ళలలో వెల నాలుగు లిపులలో నుండును: ఉర్దూ, ఆంగ్లము, మరాఠీ, తెలుగు. రాజ్యపు జనులలో ఇంచుమించు సగము తెలుగువారు. వారి భాష కచ్చేరీలో లేదు, పై చదువులో లేదు. కాని అణాబిళ్ళ యంచున గలదు. ప్రజలయొద్ద డబ్బు పుచ్చుకొనుచోట ప్రజల భాష యవసరమయ్యెను. వారికి న్యాయము చెప్పుచోట అవసరము గాలేదు. 1921లో హైదరాబాదున కార్వే పండితుని యధ్యక్షతను జరిగిన సంఘ సంస్కార సభలో అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభ్యులు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. సంస్కరణమును గోరి కూడిన సభయే యట్లు ప్రవర్తించుట మనవంటివారు మఱవరాని పాఠము.

బొమ్మల కథయు నిట్టిదే. 1931లో చిత్రములతో గూడిన బిళ్ళలు వెలువడెను. అణాబిళ్ళపై చార్మినారు, రెండణాల బిళ్ళపై హైకోర్టు, నాలుగణాల బిళ్ళపై ఉస్మాన్ సాగరము, ఎనిమిదణాల బిళ్ళపై అజంతా గుహాద్వారము, పండ్రెండణాల బిళ్ళపై బీదరు విద్యాలయము, రూపాయి బిళ్ళపై దౌలతాబాదు జయస్తంభము. చక్కని బిళ్ళలే. కాని రాజధాని దాటిన తెలుగునేల వానిలో నెచ్చటను లేదు. 1937 రజతోత్సవపు బిళ్ళలలో వైద్యశాలలు, ఉస్మానియా విశ్వవిద్యాలయము నుండెను. ఓరుగల్లు కాకతీయ తోరణము మూడణాల బిళ్ళమీద నెక్కుటకు 1947 రావలసివచ్చెను. అప్పటికా రాజ్యపు ఆయువు తీరవచ్చినది. భారతదేశమున జేర నైజాము నిరాకరింపగా, పరిటాలవా రాతని యధికారమును త్రోసిపుచ్చి తమది రిపబ్లిక్కని చాటుకొనిరి. 1948 సెప్టెంబరులో భారతసైన్యము ప్రవేశించినది. 1950లో నైజాము బిళ్ళలు చెల్లుబాటు గాకుండబోయెను.

ప్రజలను పీడించిన పాలనయొక్క గుర్తులను మనమేల దాచవలెనని కొందఱనవచ్చును. దాచుట పొగడుట కాదు. దస్తావేజును చించినంతమాత్రమున అప్పు లేదనలేము. గుర్తులను కాల్చినంతమాత్రమున జరిగినది జరుగకపోదు. పైగా నా కవరులలో ప్రయాణముచేసినవి ప్రభుత్వపు మాటలు కావు. మన యింటివారి మాటలు.

కావున పాఠకులకు మాదొక మనవి. మధిర, ఖమ్మము, కోదాడలతో వియ్యమందిన కుటుంబముల పాతపెట్టెలలో నిట్టి కవరులు మిగిలియుండవచ్చును. బిళ్ళను నీట నానబెట్టి యూడదీసి తక్కినదానిని పారవేయకుడు. బిళ్ళకు వెల యుండవచ్చును గాని చరిత్ర కవరులోనున్నది: ఏ యూరి ముద్ర, ఏ తేది, ఎవరికి, ఏ లిపిలో వ్రాసిరి, లోపల నేమున్నది. కవరును కవరుగానే పొడిచోట భద్రపఱుపుడు. దానిగూర్చి యింటి పెద్దల నడిగి, వారు చెప్పినది వేఱొక కాగితముపై వ్రాసియుంచుడు. పాఠశాలలోని బాలబాలికల కొకనాడు దానిని చూపి, ఆ నాలుగు లిపులలో తమ దేదియో గుర్తింపుడని యడుగుడు. మన యూరి చరిత్ర వారికి పుస్తకముకంటె ముందుగా నక్కడ పట్టువడును.

2014 జూన్ 2 నుండి కోదాడ, జగ్గయ్యపేటల నడుమ మరల నొక రాష్ట్రపు హద్దు వెలసినది. కాని నేడు కోదాడలో నతికించిన బిళ్ళ జగ్గయ్యపేటకు నిరాటంకముగా వచ్చుచున్నది. ఇది సామాన్యవిషయమని తోచినయెడల, ఆ పాతకవరు నొకసారి చేతబట్టి చూడుడు.