పాత డెస్క్‌టాప్ ప్రాసెసర్ల సేకరణ, పోలిక

వాడుక తప్పిన కంప్యూటర్లలోంచి ప్రాసెసర్‌ను, అంటే లెక్కలన్నీ చేసే ప్రధాన చిప్పును ఊడదీసి, దాని మీది ముద్రలను బట్టి రకాన్నీ కాలాన్నీ గుర్తించి, వీలైతే మళ్లీ నడిపి మరొక చిప్పుతో పోల్చి చూడటమే ఈ సేకరణ. ఇలాంటి ప్రాసెసర్ చిప్పుల చరిత్ర 1971లో 2,300 ట్రాన్సిస్టర్లతో వెలువడిన ఇంటెల్ 4004తో మొదలవుతుంది. 1967లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఈసీఐఎల్ అంతకు ముందే, 1969లోనే, టీడీసీ-12 కంప్యూటర్‌ను అందించింది. అయితే అందులో ప్రాసెసర్ ఒకే చిప్పు కాదు, అనేక సర్క్యూట్ బోర్డుల మీద పరుచుకున్న విడిభాగాల సముదాయం కనుక, ఆ తరాన్ని అరచేతిలో పెట్టి చూపడం కుదరదు. నిజామాబాద్, బోధన్ వంటి పట్టణాలలో సామాన్యులు కంప్యూటర్‌ను దగ్గరగా చూసింది ఆ తరువాత చాలాకాలానికి, డీటీపీ, ఇంటర్నెట్ సెంటర్లలోనే.

పోలికకు మెగాహెర్ట్జ్ ఒక్కటే కొలమానం కాదు. సైరిక్స్ 6ఎక్స్86 పీఆర్200+ నిజానికి 150 మెగాహెర్ట్జ్ వేగంతోనే నడిచేది. పేరులోని 200 అన్నది ఎంత వేగపు ఇంటెల్ పెంటియంతో సరితూగుతుందో చెప్పుకున్న అంకె. పూర్ణాంకాల లెక్కలలో అది దీటుగానే నిలిచినా, దశాంశాల లెక్కలలో వెనుకబడేది.

సేకర్తలు మక్కువతో వెతికేది 1993లో వచ్చిన తొలి పెంటియంను, అందులోనూ భాగహారంలో లోపమున్న చిప్పులను. 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావలసి ఉండగా అవి 1.33374 చూపేవి. 1994లో గణితాచార్యుడు థామస్ నైస్లీ ఈ లోపాన్ని బయటపెట్టగా, ఆ ఏడాది డిసెంబరులో ఇంటెల్ అడిగినవారందరికీ చిప్పు మార్చి ఇస్తామని ప్రకటించింది. ఎక్సెల్ గడిలో ఆ ఒక్క భాగహారం వేసి నాలుగో దశాంశ స్థానం చూస్తే చాలు, చేతిలోని చిప్పు ఏ కోవకు చెందిందో తేలిపోతుంది.

సేకరణకు పెద్ద గండం బంగారం. సిరామిక్ పలకపై బంగారు పూత ఎక్కువగా ఉన్న 1995 నాటి పెంటియం ప్రో వంటి చిప్పులను ఆమ్లంలో కరిగించి పూతను తీసుకుంటారు. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు 2012 మే 1 నుంచి అమలులోకి వచ్చినా, తుక్కు కాటాపై చరిత్రకు విలువ కట్టే పద్ధతి లేదు. అందుకే చిప్పును పిన్నులు వంగకుండా యాంటీస్టాటిక్ స్పాంజిలో గుచ్చి ఉంచడంతో పాటు, అది ఏ ఊరిలో, ఎలాంటి దుకాణంలో, ఏ పనికి నడిచిందో రాసిన చీటీ జతచేయడం అత్యవసరం. ఆ చీటీ లేకపోతే బోధన్‌లో పెళ్లిపత్రికలు కూర్చిన పెంటియానికీ మరెక్కడో నడిచిన పెంటియానికీ తేడా చెప్పే ఆధారమేదీ మిగలదు.