తిత్తి లేని కొలిమి

పనిముట్ల చరిత్ర – 6



'డమాస్కస్ కత్తి' వీడియోలు ఇప్పుడు ప్రతి ఫోన్లోనూ తిరుగుతున్నాయి. ఎర్రగా కాలిన ఉక్కు, సమ్మెట దెబ్బలు, చివర్లో ద్రావకంలో ముంచి తీయగానే కత్తి ఒంటిమీద తేలే నీటి అలలు. మా విద్యార్థులు కొందరు అలాంటిదొకటి నాకు పంపి, "సార్, ఇది మన తెలుగునేల ఉక్కేనంట, నిజమేనా?" అని అడిగారు. వీడియో చివర 'మన పూర్వీకుల ఘనత' అని పెద్ద అక్షరాలు.

చాలావరకు నిజమే. కానీ ఆ 'మన' అన్న మాట దగ్గర నేను ఆగిపోతాను. అందులో ఎవరెవరున్నారు?

ముందు కత్తి సంగతి చూద్దాం. ఇప్పటి వీడియోల్లో చేసేది ఇది. ఎక్కువ కార్బన్ ఉన్న ఉక్కు పలకలు, నికెల్ కలిసిన ఉక్కు పలకలు ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. కొలిమిలో పసుపు రంగుకు వచ్చేదాకా కాల్చి, వెలిగారం చల్లి, సమ్మెటతో కొట్టి అతికిస్తారు. సాగగొట్టి, మడిచి, మళ్లీ అతికిస్తారు. 7 పొరల ముద్దను ఐదుసార్లు మడిస్తే 224 పొరలు. కత్తిని తీర్చి, కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచి, సానబట్టి ఫెర్రిక్ క్లోరైడ్‌లో వేస్తే నికెల్ ఉన్న పొర మెరుస్తూ మిగులుతుంది, రెండోది నల్లబడుతుంది. అదే అల. ఇక పిడికి రోజ్‌వుడ్, ఎబొనీ, ఎక్కడో దొరికే అరుదైన కలప.

పొరలు అతికించే ఈ పద్ధతీ పాతదే, ఐరోపాలోనూ ఉంది. కానీ డమాస్కస్‌కు పేరు తెచ్చిన కత్తుల్లో పొరలు లేవు. అది ఒకే ముద్ద. మట్టి మూసలో ఇనుము పెట్టి, కార్బన్ అందడానికి కట్టెముక్కో ఆకో వేసి, మూతి మూసి, కరిగేదాకా కాల్చి, నెమ్మదిగా చల్లార్చిన ఉక్కు. అందులో కార్బన్ సుమారు 1.5 శాతం. అల పైనుంచి వేసింది కాదు, లోపలే పుట్టింది. ఖనిజంలో లేశమాత్రంగా ఉండే వెనేడియంలాంటి లోహాల వల్ల కార్బైడ్లు బారులు తీరతాయని, ఆ బారులే అలలని వెర్హోవెన్ అనే లోహశాస్త్రవేత్త, పెండ్రే అనే అమెరికన్ కమ్మరి కలిసి చేసి చూపించారు. వాళ్ల వ్యాసం వచ్చింది 1998లో. శతాబ్దాల కిందట చేసినవాళ్లకు వెనేడియం పేరు తెలీదు. ఏ ఊరి ఇనుముతో ఏ ఊరి ఇనుము కలపాలో మాత్రం తెలుసు.

మా కాట్రేనికోనలో ఇనుపరాయి దొరకదు. ఎక్కడ తవ్వినా ఒండ్రు, ఇసుక, ఉప్పునీళ్లు. దింపు కార్మికుడి కత్తి నుంచి కోతల కొడవలి దాకా ఇక్కడ వాడే ఇనుమంతా ఎప్పుడూ బయటినుంచి వచ్చిందే. ఇప్పుడైతే లారీ కమాన్ పట్టీలు. ఉక్కు పుట్టిన చోటు చూడాలంటే గోదావరి వెంట ఎగువకు పోవాలి. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం అని ఒక ఊరుంది. మా ఊరి పేరులోనూ కోన ఉంది, అంతకుమించి రెండింటికీ చుట్టరికం లేదు.

హెన్రీ వాయ్సీ అనే ఇంగ్లీషు వైద్యుడు లాంబ్టన్ సర్వే బృందంలో భూగర్భ పరిశోధకుడు. 1824లో చనిపోయాడు. కోనసముద్రంలో ఉక్కు చేసే తీరు గురించి అతను రాసింది 1832లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు చోట్ల ఇనుము తెచ్చి పాళ్ల ప్రకారం కలపడం, మూసలు, కొలిమి, అన్నీ రాశాడు. ఈ ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పారశీక వర్తకుణ్ణి అక్కడే చూశాడు. తమ దేశంలో ఇలా చేయబోయి చేయలేకపోయామని ఆ వర్తకుడు చెప్పాడట. 1980లలో థెల్మా లోవ్ అనే పరిశోధకురాలు ఈ ప్రాంతపు మూసముక్కలను పరీక్షించి, మట్టిలో వరి ఊక కలపడం వల్లే అవి అంత వేడిని తట్టుకున్నాయని చూపింది. తర్వాత ఎస్. జైకిషన్ లాంటివాళ్లు ఉత్తర తెలంగాణ ఊళ్లలో చిట్టెపు దిబ్బలు వెతికి నమోదు చేశారు. ఈ ఉక్కు ఒక్క తెలంగాణదే కాదు. తమిళనాడు, మైసూరు, శ్రీలంక, మధ్య ఆసియాల్లోనూ చేశారు. అయినా కోనసముద్రం పేరు అందులో ముందు వరుసది.

మరి ఆ ఉక్కుకు దక్కిన పేర్లేమిటి? ఒకటి డమాస్కస్. ఆ పేరు ఎలా వచ్చిందన్నదానిపై వాదాలున్నాయి, అక్కడి బజారులో అమ్మడం వల్లనే అన్నది ఒకటి. రెండోది వూట్జ్. 1795లో పియర్సన్ అనే శాస్త్రవేత్త లండన్ రాయల్ సొసైటీకి ఇచ్చిన పత్రంతో అది పుస్తకాల్లోకి ఎక్కింది. 'ఉక్కు' అన్న మాటే చెవులు మారి అలా అయిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఒక పేరు బజారు పెట్టింది, ఇంకో పేరు ప్రయోగశాల పెట్టింది. చేసిన చేతులు పెట్టిన పేరు ఒక్కటీ నిలవలేదు.

పేరంటే ఏమిటో కోనసీమకు కొత్తగా చెప్పాలా? 2022 మేలో జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడతామన్నందుకు 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. పేరు వట్టి అక్షరాలేనంటే నేను నమ్మను.

ఇప్పుడు 'మన'లోకి వద్దాం. ఉక్కు గురించి రాసినవాళ్లు రాజు ఖడ్గాన్ని పొగిడారు, వర్తకుణ్ణి తలిచారు, కొంత న్యాయంగా ఉన్నవాళ్లు కమ్మరినీ తలిచారు. కానీ మూసలో ఉక్కు కరగాలంటే సుమారు 1400 డిగ్రీల వేడి కావాలి. బొగ్గు ఒక్కటే ఆ వేడి ఇవ్వదు. గాలి కావాలి. గంటల తరబడి, మనుషులు వంతులు మారుతూ ఊదాలి. ఆ గాలి తోలుతిత్తిది.

తిత్తికి తోలు ఎక్కడిది? చచ్చిన పశువుది. దాన్ని ఊరవతలికి మోసుకుపోయి ఒలిచింది ఎవరు? సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క నీళ్లలో రోజుల తరబడి ఊరేసి, నూనె పట్టించి, మడిచినా పగలకుండా, గాలి జారకుండా తయారుచేసింది ఎవరు? తెలుగు ఊళ్లో ఈ పని ఎవరిదో చెప్పక్కర్లేదు. అది మాదిగ పని. రైతుకు మోట తొండం, ఎద్దుకు పట్టెడ, కాలికి చెప్పు వచ్చిన చేతుల్లోంచే కొలిమికి ఊపిరి వచ్చింది.

'ఊపిరి' అని ఊరికే అనలేదు. మన ఛాతీలో ఉన్న అవయవానికి తెలుగువాళ్లు పెట్టుకున్న పేరు ఊపిరితిత్తి. ప్రతి తెలుగువాడి గుండె పక్కన ఒక తోలుసంచి పేరుంది. తిత్తి చేసినవాణ్ణి వాడ అవతల నిలబెట్టిన మనిషి కూడా ఆ మాట పలకకుండా తన ప్రాణం గురించి చెప్పుకోలేడు.

సాహిత్యంలో పరిశోధన చేసినవాణ్ని కాబట్టి ఇంకో మాట చూపిస్తాను. పదును. కత్తికి పదును పెడతాం. వాన పడ్డాక దుక్కికి అనువైన నేలను పదునుగా ఉందంటాం. తోలును పదును చేస్తాం. కమ్మరి, రైతు, మాదిగ ముగ్గురి పనికీ భాష ఒకే మాట పెట్టింది. మొండిగా ఉన్నదాన్ని పనికి లొంగేలా చేసే నేర్పు అని దాని భావం. పనిచేసేవాళ్ల భాషలో ఈ మూడూ ఒక కుటుంబం. వాళ్లను మూడు మెట్ల మీద నిలబెట్టింది కులం. కులం పనిని విభజించడం దగ్గర ఆగదని, పనిచేసేవాళ్లనే విభజిస్తుందని బాబాసాహెబ్ 1936లో 'కులనిర్మూలన'లో చెప్పింది ఇదే.

నేను కమ్మరిని తక్కువ చేయడంలేదు. పనిముట్లకు ఏడాదికోసారి కళ్లంలో కొలిచే ధాన్యంతో బతికిన కులం అది. కానీ ఆ తిత్తి మీద చెయ్యేసి రోజంతా ఊదిన కమ్మరి, దాన్ని కుట్టినవాడితో కలిసి కూర్చుని అన్నం తినలేదు. చచ్చిన పశువు తోలు కొలిమిలోకి వచ్చింది, దాన్ని తెచ్చిన మనిషి గుమ్మం బయటే ఉండిపోయాడు.

ఇది పాతకథ కాదు. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో తోలు తీస్తున్న దళిత యువకులను కొట్టిన వీడియో దేశమంతా చూసింది. నెల తిరక్కుండానే, ఆగస్టులో, మన అమలాపురంలో కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను గోరక్షకుల పేరుతో వచ్చిన గుంపు కట్టేసి కొట్టింది. వేల ఏళ్లు మీదే ఈ పని అని నెత్తిన రుద్దినవాళ్లే, పని చేస్తుంటే నేరం అన్నారు.

పిడి కలప సంగతీ అంతే. ఎర్రచందనం రాయలసీమ కొండల్లో పుట్టే చెట్టు. కొనేవాడికి అది అరుదైన కలప, నరికేవాడికి కూలి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పులకు 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. కలప విలువ అందరికీ తెలుసు, చనిపోయిన వాళ్లలో ఒక్కరి పేరు చెప్పమంటే తడుముకుంటాం.

2023లో కేంద్రం చేతివృత్తులకు ఒక పథకం తెచ్చింది. 18 వృత్తులు. కమ్మరీ, ఆయుధాలు చేసేవాడూ, చెప్పులు కుట్టేవాడూ ఒకే జాబితాలో ఉన్నారు. మంచిదే. పథకం పేరు విశ్వకర్మ. జాంబవంతుడి పేరు ఎవరికీ తట్టలేదు.

ఇంతకీ, ఆ ఉక్కు మనదేనా? మనదే. కాకపోతే ఆ 'మన'లో ఇనుపరాయి తవ్వినవాడు, బొగ్గు కాల్చినవాడు, ఊక చెరిగిన ఆడమనిషి, తోలు పదును చేసినవాడు ఉండాలి. వాళ్లను తీసేసి మిగిలిన ఘనత తిత్తి లేని కొలిమి. అందులో నిప్పు రాజుకోదు.

విద్యార్థులకు ఒక పని. మ్యూజియంలో మెరిసే కత్తి దగ్గర నిలబడితే కొలిమికి గాలి ఎవరిదని అడగండి. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ పేటలో తోలుపని తెలిసిన పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. ఆరె, రంపె, గూటం ఎలా పట్టుకుంటారో, తంగేడు చెక్క ఎన్నాళ్లు ఊరేస్తారో, ఏ తోలు దేనికి పనికొస్తుందో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మీ ఊరి కొలిమిలో ఇప్పుడు కరెంటు బ్లోయర్ తిరుగుతుంటే, అంతకుముందు తిత్తి ఎవరింటినుంచి వచ్చేదో కమ్మరి పెద్దాయన్నే అడగండి. ఆయన చెబుతాడు. ఆయనకు తెలుసు.

వచ్చే భాగంలో మోట తొండం, అది తడిపిన పొలాలు.

జై భీమ్.