ఇరుసు కందెన నుండి గేరు నూనె వరకు

ఫాల్గుణ మాసము వచ్చినదనగానే గుంటూరు పట్టణమునకు పోవు దారులన్నియు ఎర్రబడును. పల్నాటి నుండి, వినుకొండ నుండి, మార్కాపురము, యర్రగొండపాలెము ప్రాంతముల నుండి మిరప టిక్కీలతో లారీలు మిర్చి యార్డుకు బారులు తీరును. అంతకు ముందు కొన్ని మాసములు అవే దారులలో పత్తి నడచును. ఈ బరువునంతటిని లాగునది ఇంజను అని మనము అనుకొందుము. నిజమే. కాని ఇంజనులో పుట్టిన శక్తి వెనుక చక్రములకు చేరవలెనన్న గేరుపెట్టెను, పొడవైన షాఫ్టును, వెనుక ఇరుసు నడుమనున్న క్రౌను, పినియను అను పళ్ళచక్రములను దాటి రావలెను. పన్ను పన్నును ఒరసికొను ప్రతి చోటను ఒక పలుచని నూనె పొర ఉండవలెను. ఆ పొర తెగినచో, నిండు బరువుతో ఉన్న లారీ ఘాటు రోడ్డు నడుమ నిలిచిపోవును. యజమానికి మరమ్మతు ఖర్చు, రైతుకు ఆనాటి ధర, డ్రైవరుకు రెండు రాత్రుల నిద్ర, మూడును నష్టమే.

ఈ పనికి నేడు బజారులో రెండు జాతుల నూనెలు దొరకుచున్నవి. ముడి చమురును శుద్ధిచేసి తీసిన ఖనిజ నూనె ఒకటి. రసాయన శాలలో అణువులను కూర్చి తయారు చేసిన సంశ్లేషిత నూనె, అనగా వాడుకలో సింథటిక్ ఆయిలు, మరియొకటి. రెండవదాని ధర మొదటిదానికంటె చాల ఎక్కువ. ఏది కొనవలెను? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు కందెన నడచివచ్చిన దారిని ఒకమారు చూడవలెను. ఏ కాలమున ఏ ఇబ్బంది తీర్చుటకు ఏ నూనె పుట్టినదో తెలిసినచో, మన ఇబ్బందికి ఏది తగునో తెలియును.

బండి ఇరుసు

కందెన అను మాట మనకు క్రొత్తది కాదు. ఇరుసుకు కందెన అవసరమన్న సంగతి సుమతీ శతకములోనే కలదు. మన పల్లెలలో ఆముదమున మసి కలిపి నల్లని ముద్దగా చేసి, బండితోపాటు తీసికొనిపోయెడివారు. దూర ప్రయాణమునకు ముందు కడసీల తీసి, చక్రమును కొంచెము బయటికి లాగి, ఇరుసుకు కందెన పూసెడివారు. కందెన ఎండిన బండి కీచుమనును; ఎడ్లు ముందుగా అలసిపోవును. ఒంగోలు గిత్త ఎంత బలమైనదైనను, దాని బలములో కొంత భాగమును ఘర్షణ తినివేయును.

ఇన్ని నూనెలుండగా ఆముదమునే ఏల ఎన్నుకొనిరి? అది చవక అనుట సగము సమాధానము మాత్రమే. రెండవ సగము దాని అణు నిర్మాణములో ఉన్నది. ఆముదములోని క్రొవ్వు ఆమ్లములలో సుమారు నూటికి తొంబది పాళ్ళు రిసినోలిక్ ఆమ్లము. ఈ ఆమ్లపు అణువు నడుమ ఒక హైడ్రాక్సిల్ సమూహము ఉండును. ఆ సమూహముల మూలమున అణువులు ఒకదానినొకటి పట్టుకొని ఉండును. అందుచేత ఆముదము వేరుసెనగ నూనెకంటెను, నువ్వుల నూనెకంటెను ఎంతో చిక్కనైనది. ద్రవము తన ప్రవాహమునకు తానే చూపు ఈ నిరోధమునకే స్నిగ్ధత అని పేరు. మరుగు నీటి వేడిమిలో ఆముదమునకు ఉండు స్నిగ్ధత నేటి లారీ గేరు నూనె స్నిగ్ధతకు దగ్గరగానే ఉండును. మన పెద్దలు కొలతలు లేకనే తగిన చిక్కదనమును పట్టుకొనిరి.

ఆముదము బండితో ఆగలేదు. పందొమ్మిదవ శతాబ్దమున మన దేశపు రైళ్ళలో దీపములకును, యంత్రములకును దానిని వాడిరి. 1914లో మొదలైన ప్రపంచ యుద్ధమున అది ఆకాశమునకు ఎగిరినది. అప్పటి విమానములలో కొన్నిటికి ఇంజనే గిరగిర తిరుగుచుండెడిది. ఆ ఇంజనులో పెట్రోలు, కందెన కలిసిపోవు ప్రమాదము కలదు. ఆముదము పెట్రోలులో సులభముగా కరగదు కనుక దానినే వాడిరి. భారతదేశపు ఆముదపు గింజలకు ఆనాడు విదేశములలో అంత గిరాకి ఏర్పడినది. కాస్ట్రాల్ అను వ్యాపార నామము 1909లో ఆముదపు ఆంగ్ల నామమైన కాస్టర్ నుండియే పుట్టినది. కాని ఆముదమునకు ఒక లోపము కలదు. వేడిలో గాలి తగిలినచో అది ఆక్సీకరణము చెంది జిగురుగా మారును.

టవరు బిరడా

నూనె ఘర్షణను తగ్గించునని అందరికి తెలియును. ఎట్లు తగ్గించునో మాత్రము 1880 ప్రాంతము వరకు ఎవరికిని సరిగా తెలియదు. ఇంగ్లండులో బోషాంప్ టవర్ అను ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులమీద ప్రయోగములు చేయుచుండెను. క్రింద ఇరుసు నూనె తొట్టిలో మునిగి తిరుగుచుండగా, పైన బేరింగు బరువుతో నొక్కుచుండును. నూనె పోయుటకని ఆయన బేరింగు నడుమ ఒక రంధ్రము చేయించెను. ఇరుసు తిరుగగానే ఆ రంధ్రము గుండ నూనె లోనికి పోవుటకు మారుగా పైకి పొంగినది. చెక్క బిరడా బిగించిరి. నూనె దానిని త్రోసివేసినది. అప్పుడు అక్కడ ఒక పీడన మాపకమును అమర్చిరి. బేరింగుమీది సగటు పీడనము చదరపు అంగుళమునకు 100 పౌనులు మాత్రమే. మాపకపు ముల్లు 200 పౌనులను దాటినది!

దీని అర్థమేమి? తిరుగుచున్న ఇరుసు తనతోపాటు నూనెను సన్నని సందులోనికి ఈడ్చుకొనిపోయి, అక్కడ పీడనమును పుట్టించి, ఆ పీడనముమీద బరువునంతటిని తేల్చుచున్నదన్నమాట. లోహము లోహమును తాకనే లేదు. 1883లో ప్రకటింపబడిన ఈ ఫలితమునకు 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గణిత సిద్ధాంతమును సమకూర్చెను. నాటినుండి నూనెను జిడ్డును బట్టి గాక, స్నిగ్ధతను బట్టి ఎన్నుకొనుట మొదలైనది.

అప్పటికే 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో డ్రేక్ త్రవ్వించిన బావినుండి రాతినూనె పైకి వచ్చియున్నది. మన దేశమున అస్సాములోని డిగ్బోయిలో 1901లో శుద్ధి కర్మాగారము ఏర్పడినది. ఖనిజ నూనె ఆముదమంత త్వరగా జిగురెక్కదు; ఎంత కావలెనన్న అంత దొరకును; కావలసిన చిక్కదనములో తీయవచ్చును. అందుచేత యంత్రములనుండి ఆముదము క్రమముగా తప్పుకొనెను.

పన్నుమీద పన్ను

1954లో జంషెడ్‌పూరులో టాటావారు జర్మనుల సహకారముతో లారీల నిర్మాణమునకు పూనుకొనిరి. మద్రాసు చేరువనున్న ఎన్నూరులో 1948లో స్థాపించిన అశోక్ మోటార్సు 1955లో అశోక్ లేలాండ్ అయినది. 1955లోనే నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. కాలువ నీరు వచ్చిన తరువాత పల్నాటి పొలములలో పంట పెరిగినది. పంటతోపాటు లారీ పెరిగినది. ఇరుసుకు కందెన పూసిన చేతులే గేరుపెట్టెలో నూనె పోయుట నేర్చుకొన్నవి.

కాని గేరు పన్ను ఇరుసు వంటిది కాదు. ఇరుసు బరువు వెడల్పైన స్థలముమీద పడును. పన్నుమీది బరువు ఒక సన్నని గీతమీద పడును. అక్కడి పీడనము టవరు చూచినదానికి వేలరెట్లు. ఇది చాలదన్నట్లు 1926లో అమెరికాలోని పాకార్డు కారులో హైపాయిడ్ అను క్రొత్తరకపు గేర్లు ప్రవేశించినవి. వీనిలో పినియను క్రౌను నడిమికి ఎదురుగా ఉండక, కొంత దిగువగా ఉండును. పండ్లు బలమైనవగును, శబ్దము తగ్గును. కాని పన్ను పన్నుమీద దొర్లుటయే గాక పొడవునా జారును. ఆ జారుడులో మామూలు నూనె పొర తెగిపోవును. పన్ను పన్నుకు అతుకుకొని చిరిగిపోవును.

దీనికి రసాయన శాస్త్రము ఉపాయము చెప్పినది. గంధకము, భాస్వరము గల పదార్థములను నూనెలో కొద్దిగా కలుపుదురు. చల్లని చోట ఇవి ఊరకుండును. పొర తెగి పన్ను వేడెక్కిన క్షణమున ఇనుముతో కలిసి దానిమీద మెత్తని క్రొత్త పొరను కట్టును. లోహమునకు మారుగా ఆ పొరయే అరుగును. ఒకప్పుడు ఈ పనికి గంధకము కలిపిన తిమింగలపు నూనెను కూడ వాడిరి. 1970లో అమెరికా ఆ తిమింగలములను అంతరించు ప్రమాదమున్న జాతుల పట్టికలో చేర్చి నూనె దిగుమతిని ఆపగా, రసాయనికులు వేరు పదార్థములు వెదకవలసి వచ్చెను.

ఇక్కడ ఒక మెలకువ కలదు. గంధకము ఇనుమును కాపాడును గాని, ఇత్తడిని, కంచును తినివేయగలదు. కొన్ని గేరుపెట్టెలలో వేగములను కలుపు వలయములు ఇత్తడివి. అందుచేతనే డబ్బాలపై జీఎల్-4, జీఎల్-5 అని రెండు గుర్తులుండును. వెనుక ఇరుసులోని హైపాయిడ్ గేర్లకు మందు ఎక్కువగానున్న జీఎల్-5 కావలెను. ఇత్తడి వలయములున్న గేరుపెట్టెకు సాధారణముగా జీఎల్-4 చాలును. "పెద్ద అంకె మంచిది" అని గేరుపెట్టెలో కూడ జీఎల్-5 పోయుట పొరపాటు కావచ్చును. ఈ పొరపాటును ఎంత ఖరీదైన సంశ్లేషిత నూనెయు దిద్దలేదు.

ఆముదము తిరిగి వచ్చుట

ఖనిజ నూనె అనేక రకముల హైడ్రోకార్బనుల మిశ్రమము. చలిలో దానిలోని మైనము పేరుకొనును. వేడిలో బలహీనమైన అణువులు ముందుగా చెడును. వేడికి నూనె ఎంతగా పలుచబడునో కొలుచుటకు 1929లో డీన్, డేవిస్ అను వారు స్నిగ్ధతా సూచిక అను కొలతను ఏర్పరచిరి. పెన్సిల్వేనియా నూనెకు 100, గల్ఫు తీరపు నూనెకు సున్న అని పెట్టుకొనిరి. సూచిక ఎంత హెచ్చైన నూనె అంత నిలకడగలది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలమున చమురు కొరత గల జర్మనీలో హెర్మన్ జోర్న్ అను శాస్త్రవేత్త వేలకొలది ఎస్టరులను తయారుచేయించి పరీక్షించెను. యుద్ధము తరువాత జెట్ విమానములు వచ్చినవి. ఎత్తున గడ్డకట్టు చలి, ఇంజనులో మండు వేడి. ఖనిజ నూనె రెంటికిని చాలకపోయెను. అప్పుడు సెబాసిక్ ఆమ్లమునుండి చేసిన ఎస్టరులు ఆ పనికి కుదిరినవి. ఆ సెబాసిక్ ఆమ్లము దేనినుండి వచ్చునో తెలియునా? ఆముదమునుండియే! బండి ఇరుసును విడిచిన ఆముదము, రూపు మార్చుకొని, జెట్ ఇంజనులో తిరిగి ప్రవేశించినది.

లారీలలో నేడు వాడు సంశ్లేషిత గేరు నూనెలలో పేరుగన్నవి పాలీ ఆల్ఫా ఓలిఫినులు. ఇథిలీను వాయువునుండి పది కార్బనుల అణువును చేసి, వాటిని మూడు నాలుగు చొప్పున కలిపి వీటిని తయారుచేయుదురు. అణువులన్నియు ఇంచుమించు ఒకే తీరున ఉండును, మైనము లేదు, సూచిక సులభముగా 130కి చేరును. అయితే సింథటిక్ అను మాట ఎల్లెడల ఒకే అర్థము నీయదు. ముడి చమురునుండియే తీసి, హెచ్చు పీడనమున ఉదజనితో బాగుచేసిన నూనెను కూడ ఆ పేరుతో అమ్మవచ్చునని 1999లో అమెరికాలోని ప్రకటనల పరిశీలక సంస్థ ఒకటి అంగీకరించినది. కనుక డబ్బాపై పేరు ఒకటైనను లోపలి సరుకు వేరు కావచ్చును.

మన సీమకు ఏది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. సంశ్లేషిత నూనె గొప్పలలో మొదటిది చలిని తట్టుకొనుట. 85డబ్ల్యూ అను గేరు నూనె సున్నకు దిగువ 12 డిగ్రీల వరకును, 80డబ్ల్యూ సున్నకు దిగువ 26 డిగ్రీల వరకును పారగలవు. గుంటూరు, ఒంగోలు ప్రాంతములలో పుష్య మాసపు రాత్రి సైతము నీరు గడ్డకట్టదు. కాబట్టి ఈ గుణమునకై మనము ఇచ్చు డబ్బు వృథా. హిమాలయ మార్గములలో నడచు లారీకి అది ప్రాణము.

రెండవ గొప్ప వేడిని తట్టుకొనుట. ఇది మనకు పనికివచ్చును. పల్నాటిలోని రెంటచింతలలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుట కలదు. గిద్దలూరు నుండి నంద్యాలకు పోవు నల్లమల ఘాటులో నిండు బరువుతో చిన్న గేరులో ఎక్కు లారీకి క్రౌను పెట్టెలోని నూనె ఎంతో వేడెక్కును. వేడిమి పది డిగ్రీలు పెరిగినచో నూనె చెడు వేగము సుమారు రెట్టింపగునని ఒక మోటు లెక్క. అట్టి దారిలో నిత్యము తిరుగు లారీకి, కలకత్తా వరకు నిండు బరువుతో పోవు లారీకి సంశ్లేషిత నూనె తగును. చుట్టుపక్కల పల్లెలనుండి యార్డుకు రోజుకొక ట్రిప్పు వేయు లారీకి, తయారీదారు చెప్పిన గుర్తు గల మంచి ఖనిజ నూనెను గడువుకు మార్చినచో చాలును.

మూడవ గొప్ప ఎక్కువ కాలము మన్నుట. ధర మూడింతలై, మన్నిక నాలుగింతలైనచో లాభమే. కాని ఆ లెక్క నూనె శుభ్రముగా ఉన్నంత వరకే. సీలు కారినను, గాలి రంధ్రము గుండ రేగడి దుమ్ము చేరినను, వాన కాలమున వాగు దాటునప్పుడు నీరు చొచ్చినను, ఏ నూనెనైనను పారబోయవలసినదే. నీరు చేరిన నూనె పాలవలె తెల్లబడును. ముందు సీలు బాగుచేయించి, పిదప ఖరీదైన నూనె సంగతి ఆలోచించుట తెలివి. నూనె తీయునప్పుడు అయస్కాంతపు బిరడాకు అంటిన పొడిని వ్రేళ్ళ నడుమ నలిపి చూడవలెను. మెత్తని బూడిదవలె ఉన్నచో మామూలు అరుగుదల. గరుకుగా పెళ్ళలు తగిలినచో పన్ను చెడుచున్నదని గుర్తు.

పాఠశాలలో ఈ విషయమును చూపుట తేలిక. సమానమైన మూడు గాజు గొట్టములలో ఆముదము, వేరుసెనగ నూనె, గేరు నూనె పోసి, ఒకే పరిమాణము గల ఉక్కు గుండ్లను జారవిడిచి, అడుగుకు చేరు కాలమును కొలువవలెను. తరువాత గొట్టములను వేడినీటిలో ఉంచి మరల కొలువవలెను. వేడికి ఏ నూనె ఎంతగా పలుచబడినదో విద్యార్థి స్వయముగా వ్రాసికొనును.

ఆ పట్టిక వ్రాసిన విద్యార్థి రేపు లారీ యజమాని కావచ్చును, మెకానిక్కు కావచ్చును. నూనె పాతదా క్రొత్తదా అని గాక, ఎంత బరువు, ఎంత వేడి, ఏ లోహము, ఎంత దూరము అని అతడు అడుగవలెను. మసి, ఆముదము కలిపిన నాటి బండివాడు అడిగినవి కూడ ఇంచుమించు ఇవే.